మెతక పిల్లాడు ఆర్మీ ఆఫీసర్ కాగలడా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాస్తానంటున్నాడు. ఎవరి మీదా గొంతు లేపడు. గద్దించడం రానివాడి మాట జవాన్లు వింటారా అని బంధువులు అంటుంటే టెన్షన్‌గా ఉంది. పంపమంటారా?
- ఒక తండ్రి, విజయనగరం

జవాబు: తప్పకుండా రాయించండి. గొంతు గురించి దిగులొద్దు.

ఎన్‌డీఏలో మూడేళ్లు, ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ)లో ఏడాది పూర్తిచేసి లెఫ్టినెంట్ అయ్యేసరికి మీవాడికి ఇరవై రెండేళ్లుంటాయి. అతని చేతికిచ్చే ప్లటూన్‌లో ముప్పై మందికి పైగా జవాన్లు ఉంటారు. దాదాపు అతని వయసంత సర్వీసున్న సుబేదారూ ఉండొచ్చు. వాళ్లు గద్దింపులు చాలా చూశారు. కొత్త సాబ్‌లో వాళ్లు కనిపెట్టేది వేరే. చెల్లెలి పెళ్లికి సెలవడిగితే ఆ కాగితం పక్కన పడేస్తాడా, ఆ రోజే తేలుస్తాడా? లంగర్‌లో, అంటే జవాన్ల వంటశాలలో, పప్పు రుచి చూస్తాడా? చలిలో కాపలా ఉన్నవాడి దగ్గరికి రాత్రి రెండింటికి వస్తాడా? యూనిట్ వాతావరణం తయారయ్యేది ఇక్కడే.

పెట్రోలింగ్‌కి బయల్దేరుతూ ఒక జవాను రేడియో బ్యాటరీ మార్చడం మరిచాడనుకోండి. అయినదానికీ కానిదానికీ అరిచే ఆఫీసర్ దగ్గర ఆ మాట దాచేస్తాడు. వినే ఆఫీసర్‌కైతే గేటు దాటకముందే చెప్పేస్తాడు. తప్పుకు శిక్ష ఉండదని కాదు, నిజం చెప్పడానికి భయం ఉండకూడదు.

1932లో డెహ్రాడూన్ ఐఎంఏ ప్రారంభోత్సవంలో అప్పటి సైన్యాధిపతి చెట్‌వుడ్ చెప్పిన వరస ఇదే: ముందు దేశం, తర్వాత నీ జవాన్ల బాగు, నీ సుఖం ఎప్పుడూ చివర. మీ దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు ఆ వరసను ప్రాణమిచ్చి నిలబెట్టారు. 2020 జూన్ 15 రాత్రి లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 16 బిహార్ బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్‌గా ముందు నిలబడ్డారు. ఆయన నేలకొరిగాక కూడా జవాన్లు చెదిరిపోలేదు, పోరాడారు. ఆ తెగువ ఒక్క రాత్రిలో వచ్చేది కాదు.

ఎన్‌డీఏలో రాతపరీక్షకి 900 మార్కులైతే, ఆ తర్వాత జరిగే ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకీ 900. అక్కడ పలకలు, తాళ్లు, పీపాలు ఇచ్చి గ్రూపుగా అడ్డంకులు దాటమంటారు. నా దగ్గర ప్రాక్టీసులో ఒకబ్బాయి పది నిమిషాలు 'అటు పెట్టు, ఇటు పెట్టు' అని అరిచాడు. పక్కనున్న కుర్రాడు నెమ్మదిగా 'తాడు ఇక్కడ కడితే?' అన్నాడు. ఎవరూ వినలేదు. గ్రూపు సరిగ్గా అక్కడే ఆగిపోయింది. అరిచినవాడికి వినడం రాలేదు, ఆలోచన ఉన్నవాడు రెండోసారి చెప్పలేదు. ఇద్దరిదీ తప్పే.

మీవాడి విషయంలో నాకున్న అనుమానం ఈ రెండోదే. మెతకగా ఉండటం వేరు, చెప్పాల్సిన చోట నోరు విప్పకపోవడం వేరు. డిగ్రీలో చేరాల్సి వస్తే ఎన్‌సీసీ తీసుకోమనండి. హిందీ ఇప్పటి నుంచే మాట్లాడమనండి, జవాన్లతో అది లేకుండా రోజు గడవదు.

ఈసారి వినాయక చవితి పందిరి పని అతనికి అప్పగించండి. మీరు కల్పించుకోవద్దు. మధ్యలో అలిగి వెళ్లిపోయిన కుర్రాణ్ణి ఎలా వెనక్కి తెచ్చుకున్నాడో చూసి, నాకు మళ్లీ రాయండి.