సున్నా అని తెలిసిందాన్ని మళ్లీ కొలవడమేంటి?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. సీఎస్ఈ వద్దట, ఫిజిక్స్ చదివి యాంటీమ్యాటర్ మీద పరిశోధన చేస్తాడట. ఛార్జి సున్నా అని తెలిసిన పరమాణువుకే మళ్లీ ఛార్జి కొలుస్తారట! రెండు దారులూ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బెంజిసర్కిల్‌లోని మా ఆఫీసుకు వారానికి ఇద్దరైనా ఇదే భయంతో వస్తారు. సబ్జెక్టు పేరు మారుతుందంతే. పెళ్లిళ్లలో ‘మీవాడేం చేస్తున్నాడు?’ అంటే ఏం చెప్పాలన్నదే అసలు టెన్షన్.

ముందు ఆ సున్నా సంగతి. యాంటీమ్యాటర్ అంటే మన పదార్థానికి తిరగేసిన జోడీ, రెండూ తగిలితే రెండూ మాయం. ప్రోటాన్‌కు జోడీ యాంటీప్రోటాన్, ఎలక్ట్రాన్‌కు జోడీ పాజిట్రాన్. ఆ రెండూ కలిస్తే యాంటీహైడ్రోజన్. మన హైడ్రోజన్‌లాగే దానికీ ఛార్జి ఉండకూడదని సిద్ధాంతం. ఉండకూడదనడం వేరు, లేదని చూడటం వేరు. జెనీవా దగ్గరి అంతర్జాతీయ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్‌లో ఆల్ఫా అనే శాస్త్రవేత్తల బృందం ఆ పరమాణువులను అయస్కాంత క్షేత్రంలో బంధించి, విద్యుత్ క్షేత్రాన్ని ఒక వరసంటూ లేకుండా అటూ ఇటూ మార్చింది. పిసరంత ఛార్జి ఉన్నా ఆ కుదుపులకు శక్తి పుంజుకుని బయటపడి, గోడకు తగిలి మాయమైపోవాలి. కుదిపినా కుదపకపోయినా మిగిలినవి దాదాపు అన్నే! ఛార్జి ఉన్నా, ఎలక్ట్రాన్ ఛార్జిలో వంద కోట్లో వంతు కన్నా తక్కువేనని 2016లో తేల్చారు. మామూలు పదార్థం విషయంలో ఇంతకన్నా ఎన్నో రెట్లు కచ్చితంగా తెలుసు. అంటే పని ఇంకా మిగిలే ఉంది. ఎక్కడైనా తేడా దొరికితే, మొదట్లో పదార్థంతో సమానంగా పుట్టి ఉండాల్సిన యాంటీమ్యాటర్ విశ్వంలో ఏమైపోయిందన్న చిక్కుముడికి ఒక కొస దొరికినట్టే. మీవాడిది పిల్లచేష్ట కాదండీ.

సీఎస్ఈ మీద నాకున్న అనుమానమూ చెబుతాను. ఏఐ, డేటా సైన్స్ అంటూ చాలాచోట్ల బోర్డులు మారాయి, పాఠం చెప్పేవాళ్లు పాతవాళ్లే. కోడింగ్ ఇష్టమైతే మంచి దారే, కాదనను. ఇష్టం లేకుండా చేరినవాళ్లు బ్యాక్‌లాగ్‌ల కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులోంచి తీస్తుంటే ఈ బల్ల ముందే చూశాను. ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ పూర్తి ఉత్తరంలో ‘మా బావమరిది కొడుకు’ మూడుసార్లు వచ్చాడు. మీవాడికి ఏ చాప్టర్ ఇష్టమో ఒక్కసారీ రాలేదు. చదవాల్సింది బావమరిది కొడుకా?

ఫిజిక్స్ దారిలో, తిరుపతి ఐసర్‌లాంటి (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ) చోట బీఎస్–ఎంఎస్ ఐదేళ్లు, పీహెచ్‌డీ మరో ఐదారేళ్లు. దూరమే. కానీ పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37 వేలు, హెచ్‌ఆర్‌ఏ అదనం. 2017 నుంచి మన దేశం సెర్న్‌లో అసోసియేట్ సభ్యురాలు. అందరూ అక్కడికి వెళ్లలేరు, అదీ వాడికి చెప్పండి. మధ్యలో మనసు మారినా, లెక్కలూ ప్రోగ్రామింగూ వచ్చినవాడు ఖాళీగా కూర్చోడు.

ఆదివారం హాస్టల్‌కు వెళ్తారుగా, మీ ఆవిడనూ తీసుకెళ్లండి. వీక్లీ టెస్టు మార్కులు అడిగేముందు ఆ ప్రయోగమేంటో చెప్పమనండి.