డిస్కుల లెక్క తెలిసినోడికి కొలువుంది

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా వారు రైస్ మిల్లులో గుమస్తా. బాబు నల్లగొండలో బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసిండు. లినక్స్ సర్వర్లు, స్టోరేజీ నేర్చుకుంటనంటుండు. చుట్టాలేమో అది డిస్కులు మార్చే మెకానిక్ పని, ఎంసీఏ చేయించమంటున్నరు. అమీర్‌పేటలో కోర్సుకు 60 వేలు అడుగుతున్నరు. ఏం చేయమంటరు సార్?

జవాబు: అమ్మా, డిస్కు ఊడదీసి కొత్తది బిగించడం పది నిమిషాల పని. జీతం ఇచ్చేది ఆ డిస్కులు కొనకముందు వేసే లెక్కకు. మీ వారికి చెబితే వెంటనే అర్థమవుతుంది: బస్తాలు మోయడం వేరు, సీజన్‌లో ఎంత సరుకు దిగుతుందో చూసి ఏ బస్తాల నెట్టు ఎక్కడ వేయాలో చెప్పడం వేరు. బాబు నేర్చుకుంటానంటున్నది రెండోది.

ఆ లెక్క ఎట్లుంటుందో చూడండి. ఒక ఆస్పత్రిలో 16 సీసీ కెమెరాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు, అంటే అర మెగాబైటు పంపుతుంది. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి కెమెరాకు 43 జీబీ. నెల రోజుల రికార్డింగు ఉంచాలంటే మొత్తం దగ్గర దగ్గర 21 టీబీ (టీబీ అంటే వెయ్యి జీబీ). 8 టీబీ డిస్కులు మూడు కొంటే 24 వస్తాయి కదా అన్న కుర్రాడు ఇంటర్వ్యూలో అక్కడే ఆగిపోతాడు. ఒక డిస్కు పోతే ఏం చేస్తావని తర్వాతి ప్రశ్న వస్తుంది.

కొన్ని డిస్కులను ఒక్కటిగా కట్టి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేసే పద్ధతిని రెయిడ్ అంటారు. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 పెడితే రెండు డిస్కులంత చోటు దానికే పోతుంది. ఐదు పెడితే వాడుకోను 24 టీబీ మిగులుతుంది. అంచు దాకా నింపకుండా 80 శాతం దగ్గర ఆగాలంటే 19 చిల్లరే, చాలదు. కాబట్టి ఆరు డిస్కులు. ఒక్క డిస్కు చోటుతో సరిపెట్టే రెయిడ్ 5 ఉండగా ఇంత ఖర్చెందుకని యజమాని అడుగుతాడు. పోయినదాని చోట పెట్టిన కొత్త 8 టీబీ డిస్కు, సెకనుకు 150 ఎంబీ చొప్పున రాసినా, మళ్లీ నిండడానికి 15 గంటలు పడుతుంది. ఆలోపు ఇంకో డిస్కు పోతే రెయిడ్ 5లో మొత్తం పోయినట్టే. ఈ మాట యజమానికి అర్థమయ్యేలా చెప్పగలగడం కూడా ఉద్యోగంలో భాగమే. రెయిడ్ ఉంది కదా అని బ్యాకప్ మానేసేవాళ్లకూ కొదవ లేదు. పొరపాటున డిలీట్ కొట్టిన ఫైలును రెయిడ్ అన్ని డిస్కుల్లోంచీ శ్రద్ధగా తుడిచేస్తుంది!

ఇక ఫైల్ సిస్టమ్ ఎంపిక, అంటే డిస్కు మీద ఫైళ్లను ఏ పద్ధతిలో అమర్చాలన్నది. బాబు ఎక్కువ టైం పెట్టాల్సింది ఇక్కడే. ఫార్మాట్ చేసేటప్పుడు తీసుకున్న కొన్ని నిర్ణయాలను తర్వాత వెనక్కి తీసుకోలేం. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ పెద్ద ఫైళ్లకు, పెద్ద వాల్యూమ్‌లకు బాగా పనిచేస్తుంది. లినక్స్ (విండోస్‌లాగే కంప్యూటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) అమ్మే రెడ్ హ్యాట్ కంపెనీ 2014లో తెచ్చిన 7వ వెర్షన్ నుంచి అందులో అదే డిఫాల్ట్. దాన్ని తర్వాత పెంచుకోవచ్చు గానీ, తగ్గించడం ఆచరణలో కుదరదు. ఈఎక్స్‌టీ 4 అనే ఇంకో ఫైల్ సిస్టమ్‌ను అన్‌మౌంట్ చేసి, అంటే కాసేపు వాడకం ఆపి, తగ్గించవచ్చు. కానీ దానికో మెలిక ఉంది. ప్రతి ఫైలుకూ ఒక ఐనోడ్ (ఆ ఫైలు వివరాలు రాసుకునే గడి) కావాలి, ఆ ఐనోడ్‌లు ఎన్నో ఫార్మాట్ నాడే ఖాయమైపోతాయి. మామూలుగా 16 కేబీకి ఒకటి. రెండు మూడు కేబీల ఫైళ్లు కోట్లలో పడితే, డిస్కులో సగానికి పైగా ఖాళీ ఉన్నా సర్వర్ ‘చోటు లేదు’ అని మొరాయిస్తుంది. కొత్తవాళ్లు గంటలకొద్దీ తలపట్టుకునేది ఇట్లాంటి చోటే. డిస్కులో చోటెంతుందో చూపే డీఎఫ్ కమాండుకు మైనస్ ఐ (df -i) తగిలిస్తే విషయం బయటపడుతుంది.

ఇదంతా నేర్చుకోవడానికి సర్వర్ కొననక్కర్లేదు. పాత ల్యాప్‌టాప్ చాలు. ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ రెండూ ఉచితమే. ఒక్కో జీబీ ఫైళ్లు ఆరు తయారుచేసి, లూప్ డివైసులుగా, అంటే డిస్కుల్లా కనిపించేలా మార్చి, ఎండీఆడ్మ్ (mdadm) అనే రెయిడ్ టూల్‌తో రెయిడ్ 6 కట్టమనండి. మీద ఎల్వీఎం (చోటును కావాల్సినట్టు భాగాలుగా పంచే పొర) వేసి, ఫార్మాట్ చేసి, ఫోటోలు కాపీ చేసి, ఒక ‘డిస్కు’ను కావాలనే ఫెయిల్ చేయమనండి, తర్వాత రెండోది కూడా. ఫోటోలు తెరుచుకుంటున్నాయా? కొత్తవి చేర్చాక రీబిల్డ్ (వాటిలో డేటా మళ్లీ నిండడం) ఎంత శాతం అయిందో చూడటం తెలిసిందా? చేసిన ప్రతిదీ నోట్‌బుక్‌లో రాసుకోమనండి. సర్టిఫికెట్ లేని ఫ్రెషర్‌కు ఆ నోట్‌బుక్కే అనుభవం కింద లెక్క.

ఉద్యోగాల సంగతి ఉన్నదున్నట్టు చెప్తాను. మిర్యాలగూడలో, నల్లగొండలో ఈ పని కొద్దిమందికే ఉంటుంది, అదీ ఆస్పత్రుల్లో, కాలేజీల్లో అన్ని పనులతో కలిపి. మొదట్లో హైదరాబాద్ పోవాలి, నైట్ షిఫ్టులూ తప్పవు. ‘అంతా క్లౌడే, ఇక డిస్కులెక్కడివి’ అనే చుట్టాలకు మాత్రం, అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ క్లౌడ్ రీజియన్, అంటే డేటా సెంటర్ల గుంపు, తెరిచింది అని చెప్పండి. క్లౌడ్ అంటే వేరేవాళ్ల డిస్కులే కదా, అవీ ఎవరో ఒకరు లెక్కగట్టినవే. షాద్‌నగర్ దగ్గరే ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) ఉపగ్రహాల డేటా అందుకుని భద్రపరుస్తోంది.

ఎంసీఏ వద్దనను. ఐసెట్ రాయనివ్వండి, సీటొస్తే డిగ్రీ వల్ల కొన్ని కంపెనీల గేటు దాటడం తేలిక. ఫలితాలు వచ్చేదాకా పైన చెప్పిన ప్రాక్టీసు నడవనీయండి. రెండు నెలల తర్వాత కూడా దాని మీదే కూర్చుంటున్నాడంటే రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ పరీక్షకు కట్టించండి. అందులో బిట్లు టిక్కు పెట్టడం ఉండదు, మెషీన్ మీద పని చేసి చూపించాలి.

అమీర్‌పేట కోర్సుకు డబ్బు కట్టేముందు బాబును తీసుకెళ్లి ఒక డెమో క్లాసులో కూర్చోబెట్టండి. రెయిడ్ పాడుచేసి మళ్లీ నిలబెట్టే పని విద్యార్థి చేతే చేయిస్తారా, తెర మీద చూపించి వదిలేస్తారా అని అడగండి. చూపించి వదిలేస్తే దానికి 60 వేలు దండగ. చేయిస్తామంటే ఫీజు మూడు వాయిదాల్లో అడగండి, చాలామంది ఒప్పుకుంటారు.