ప్లేటో నవ్విస్తాడా? నన్నైతే రైల్లో నవ్వించాడు

"గ్రీకు తత్వవేత్తల రాతల్లో హాస్యం ఉందంటారు, నాకు కనబడలేదు, ఎక్కడ వెతకాలి?" అని అడిగారు. నాకూ చాలాకాలం కనబడలేదు. ఎంఏలో ‘రిపబ్లిక్’ అంటే పరీక్షలో వచ్చే ప్రశ్న, అంతే. మార్కుల టెన్షన్ తీరాక ఒకసారి రైల్లో, పై బెర్తులో పడుకుని ప్లేటో సంభాషణల్లో ఒకటైన ‘యూథిడెమస్’ తెరిచాను. కుక్క దగ్గరికొచ్చేసరికి పైకే నవ్వేశాను. కింద బెర్తు పెద్దాయన లేచి లైటు వేశాడు.

అందులో ఇద్దరు అన్నదమ్ములు. ఒకప్పుడు ఆయుధవిద్య నేర్పేవాళ్లు; ముసలితనంలో ఎవరినైనా మాటలతో పడగొట్టే విద్య పట్టి, డబ్బు తీసుకుని నేర్పుతున్నారు. క్టెసిప్పస్ అనే కుర్రాడు వాళ్లకు దొరికాడు.

నీకు కుక్క ఉందా? ఉంది, వట్టి వెధవ కుక్క. దానికి పిల్లలున్నాయా? ఉన్నాయి, అచ్చం దానిలాంటివే. అంటే అది తండ్రి. ఆ కుక్క నీదేనా? నాదే. తండ్రీ అయింది, నీదీ అయింది, కాబట్టి అది నీ తండ్రి. కుక్కపిల్లలు నీ తోబుట్టువులు!

అక్కడితో వదలరు. దాన్ని కొడతావా? "కొడతాను, మిమ్మల్ని కొట్టలేను కదా" అని నవ్వుతాడు కుర్రాడు. అయితే తండ్రినే కొడుతున్నావన్నమాట. "కొట్టాల్సింది మీ నాన్నను, ఇంత తెలివైన కొడుకుల్ని కన్నందుకు!"

వితండవాదమని తెలుస్తూనే ఉంటుంది. తప్పెక్కడో వేలు పెట్టి చూపించమంటే మాత్రం తడుముకుంటాం. ఆ రాత్రి నేనూ తడుముకున్నాను. అరిస్టాటిల్ కూడా కుతర్కాల మీద రాసిన పుస్తకంలో ఈ కుక్క ఉదాహరణను పట్టించుకున్నాడు.

ఇది నచ్చితే ప్లేటోదే ‘సింపోజియం’ చూడండి. అందులో ఒక విందులో ఒక్కొక్కరే ప్రేమ గురించి మాట్లాడుతుంటారు. తన వంతు వచ్చేసరికి హాస్యనాటకకర్త అరిస్టోఫనీస్‌కు ఎక్కిళ్లు. ఊపిరి బిగబట్టు, పుక్కిలించు, తగ్గకపోతే తుమ్ము తెచ్చుకో అని వైద్యుడి సలహా. తుమ్మాక తగ్గిపోతే, శరీరం క్రమంలో ఉండడానికి ఇంత గోల కావాలా అని అరిస్టోఫనీస్ ఎదురు వెటకారం. ఈ అరిస్టోఫనీస్ క్రీ.పూ. 423లో తన నాటకంలో సోక్రటీసును బుట్టలో వేలాడదీసినవాడే. సోక్రటీసు శిష్యుడైన ప్లేటో ఎక్కిళ్లతో ఆ బాకీ తీర్చుకున్నాడని నా అనుమానం.

ల్యూషన్ అనే వ్యంగ్య రచయిత జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆయన తత్వవేత్తలను బానిసల్లా వేలం వేయిస్తాడు. డయోజెనిస్ అనే తత్వవేత్త రెండు ఒబోల్‌లకే (ఒబోల్ అంటే గ్రీకుల చిన్న నాణెం) పోతాడు. ఎవరు ఏం బోధించారో కాస్త తెలిశాకే ఆ ధరలకు నవ్వొస్తుంది.