స్వభావమా, జబ్బా: తేల్చుకునే పద్ధతి

హైదరాబాద్

అమ్మాయీ,

"నేను పుట్టుకతోనే దిగులు మనిషిని పిన్నీ" అని రాశావు. ఆ మాట మీద ఇప్పుడే సంతకం పెట్టకు. డిప్రెషన్‌లో ఉన్నప్పుడు వ్యక్తిత్వ పరీక్ష రాస్తే ఆందోళన మార్కులు ఎక్కువొస్తాయి, కలుపుగోలుతనం తక్కువొస్తుంది. నయమయ్యాక రాస్తే కొంతవరకు సర్దుకుంటాయి. జ్వరం నోటికి చారు చేదైతే తప్పు చారుది కాదుగా.

స్వభావానికి పాత్రే లేదనను. మానసిక శాస్త్రం చెప్పే ఐదు గుణాల్లో డిప్రెషన్‌తో గట్టిగా ముడిపడింది న్యూరోటిసిజం. అంటే చిన్నదానికే కలవరపడటం, త్వరగా తేరుకోలేకపోవడం. నలుగురిలో కలవకపోతే జబ్బేనని మీ ఇంట్లో అనుకుంటారు చూడు, అది పొరపాటు.

ఆ గుణాన్ని జబ్బు దాకా లాక్కెళ్లేవాటిలో ఒకటి నెమరువేత, అంటే జరిగిందాన్నే పదేపదే తలుచుకోవడం. మీటింగులో మేనేజర్ "చూద్దాంలే" అన్నాడు. మాదాపూర్‌లో మెట్రో ఎక్కి ఇల్లు చేరేదాకా అదే మాట తిరుగుతుంది. దీనికి రోజూ సాయంత్రం 15 నిమిషాలు కేటాయించు. నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయి: జరిగింది, నేననుకున్నది, రేపు చేయగల ఒక్క పని. మూడో గడి ఖాళీగా మిగిలితే అది ఆలోచన కాదు, నెమరే. పుస్తకం మూసి అలా వీధి చివరిదాకా నడిచి రా. పడుకునే ముందు మాత్రం ఈ పని పెట్టుకోకు, నిద్ర చెడుతుంది.

తర్వాత పీహెచ్‌క్యూ-9 నింపు, డిప్రెషన్ ఎంతుందో అంచనా వేసే ప్రశ్నల కాగితం అది. గత 2 వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27కి. "నేనెప్పుడూ ఇంతే" అనుకుని సున్నా వేస్తే పొరబడతావు. ఎన్ని రోజులు అలా ఉందో అదే లెక్క, ఎందుకన్నది కాదు. 10 వచ్చినా, దాటినా డాక్టర్ని కలువు. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకి సున్నా కాకపోతే మొత్తం కూడొద్దు, ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు.

ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరెత్తితే నవ్వేవాళ్లు ఈ ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. నవ్వనీ. అక్కడికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా థైరాయిడ్, బి12 పరీక్షల మాట అడుగు. మందు రాస్తే గుణం కనిపించడానికి 2 నుంచి 4 వారాలు పడుతుంది. మొదటి వారం కడుపులో తిప్పినట్టుంటే భయపడి మానేయకు, డాక్టరుకి చెప్పు. తేలికపడ్డాక కూడా కనీసం 6 నెలలు వాడమంటారు. మధ్యలో నీ అంతట నువ్వు ఆపితే తిరగబెట్టే ప్రమాదముంది.

ఈ ఆదివారమే కాగితం నింపి, పైన తారీఖు వేసి బీరువాలో పెట్టు. మొదటిసారే 10 వస్తే ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లు. లేకపోతే సరిగ్గా 2 వారాలకి ఇంకోటి నింపి, రెండూ పట్టుకుని వెళ్లు.

మీ పిన్ని