క్రీట్ దీవిలో ఐదు రోజులు, అద్దె కారు, వెంట అమ్మానాన్న: చుట్టూ తిరగొద్దు, సగం చూసి రండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: సెప్టెంబర్‌లో గ్రీస్ వెళ్తున్నారు. ఏథెన్స్ అయ్యాక క్రీట్ దీవిలో ఐదు రోజులు ఉంటారు. కారు అద్దెకు తీసుకుని దీవి మొత్తం ఒక చుట్టు చుట్టేయొచ్చా అని అడిగారు. వెంట అరవై దాటిన అమ్మానాన్నలు ఉన్నారు, ఇద్దరూ శాకాహారులు.

సరిగ్గా ఇలాంటి జట్టుతోనే 2023 మే చివరి వారంలో మేం హైదరాబాద్ నుంచి వెళ్ళొచ్చాం. నేను, మా ఆవిడ, అమ్మ, నాన్న. నాన్న రోడ్లు భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, ఆ సంగతి కిందికి వెళ్ళేకొద్దీ మీకే తెలుస్తుంది. ఒక్క ముక్కలో నా జవాబు: చుట్టలేరు, ప్రయత్నించొద్దు కూడా. పడమటి సగం పట్టుకోండి చాలు.

మ్యాప్ చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. దీవి పొడవు 260 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కువున్న చోట 60. హైదరాబాద్ నుంచి విజయవాడ అంత కూడా లేదు కదా అనిపిస్తుంది. నేనూ అలాగే ఎక్సెల్ షీట్ వేసుకున్నాను, ఐదు రోజుల్లో 900 కిలోమీటర్లు, రాత్రికో హోటల్ చూసిపెట్టుకున్నాను. అసలు విషయం ఏంటంటే, దీవి నడుమంతా కొండలే, సిలోరీటిస్ శిఖరం 2,456 మీటర్లు. వేగంగా పోయే రోడ్డు ఉత్తర తీరం వెంబడి ఒక్కటే. దక్షిణ తీరంలో అయితే ఊరూరినీ కలిపే రోడ్డే లేదు. అయా రూమెలీ, లూత్రో లాంటి ఊళ్ళకు కారు పోదు, పడవలోనో కాలినడకనో చేరాలి. అంటే మీరు అనుకుంటున్న ఆ ‘చుట్టు’ నేల మీద లేదు. ప్రతిసారీ ఉత్తరం నుంచి కొండ ఎక్కి, అవతలికి దిగి, మళ్ళీ వెనక్కి రావాలి. అందుకని కిలోమీటర్లు లెక్కేయకండి, గంటలు లెక్కేయండి. కొండదారిలో 40 కిలోమీటర్లంటే గంట పైమాటే.

బయల్దేరే ముందు పని ఒకటుంది. మన లైసెన్సుతోపాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తప్పనిసరి. ఆర్టీఏ ఆఫీసులో ఇస్తారు, ఏడాది చెల్లుతుంది. రెండూ ఒరిజినల్స్ దగ్గర ఉంచుకోండి. డిపాజిట్ కోసం క్రెడిట్ కార్డు అడుగుతారు, అది నడిపేవాళ్ళ పేరు మీదే ఉండాలని చాలాచోట్ల పట్టుబడతారు. ఆటోమేటిక్ కారు కావాలంటే ఇప్పుడే బుక్ చేయండి, అక్కడ ఎక్కువ బళ్ళు గేరువే. నేను గేరు కారు తీసుకుని తప్పు చేశాను. అక్కడ బండి కుడివైపు నడపాలి, స్టీరింగ్ ఎడమవైపు, గేరు కుడిచేతికి వస్తుంది. ఇండికేటర్ ఉండాల్సిన చోట వైపర్ ఉంటుంది. దీవికి పడమట ఉన్న హానియా ఊరి విమానాశ్రయం నుంచి బయటికొచ్చిన మొదటి మలుపులో నేను ఇండికేటర్ అనుకుని నొక్కితే, నిప్పులు చెరిగే ఎండలో పొడి అద్దం మీద వైపర్లు కిర్రుకిర్రుమన్నాయి. వెనక సీట్లోంచి నాన్న, “వానెక్కడరా?” అన్నారు. ఆ రోజు ఆయన ఆ మాట నాలుగుసార్లు అన్నారు. మొదటి రోజు దూరం ఏమీ పెట్టుకోకండి. హానియాలోనే ఉండి, పాత ఊళ్ళో వెనిస్ వాళ్ళు కట్టిన రేవు, దీపస్తంభం చూసుకోండి. కారు కోటగోడ బయటే వదిలేయాలి, లోపలి సందుల్లో మనుషులకే చోటు చాలదు.

ఉత్తరం రోడ్డు మీద ఒక అలవాటు ఉంది, తెలియకపోతే భయమేస్తుంది. అటొక లేను, ఇటొక లేను, పక్కన వెడల్పాటి అంచు. మెల్లగా వెళ్ళేవాళ్ళు సగం బండిని ఆ అంచు మీదకి జరిపి నడుపుతారు, వెనకవాళ్ళు మధ్యలోంచి దూసుకుపోతారు. మీరు జరగకపోతే వెనక బంపర్‌కి అంటుకుని వస్తారు. జరగండి, పట్టుదలకు పోకండి. కానీ ఆ అంచు మలుపుల్లో ఉన్నట్టుండి మాయమవుతుంది, అది చూసుకోండి. దారి పక్కన ఇనుప కాళ్ళ మీద బొమ్మరిల్లంత చర్చిలు కనిపిస్తాయి, లోపల నూనె దీపం ఉంటుంది. బాగున్నాయని అమ్మ ఫొటోలు తీసింది. ప్రమాదంలో పోయినవాళ్ళ కోసమో, బతికి బయటపడ్డందుకు మొక్కుగానో పెడతారని హోటల్ ఆమె చెప్పాక నేను స్పీడు ఇంకో పది తగ్గించాను.

ఊరి పేర్ల బోర్డులు కూడా తమాషాగా ఉంటాయి. హానియాని ఇంగ్లీషులో ఒకచోట ‘సి’తో, ఒకచోట ‘హెచ్’తో, ఇంకోచోట ‘ఎక్స్’తో రాశారు. కొండల్లోకి వెళ్ళేకొద్దీ బోర్డుల మీద తుపాకీ గుండ్ల చిల్లులు. మనల్ని ఉద్దేశించి కాదు, అక్కడి కుర్రాళ్ళకు అదో సరదా.

ఇప్పుడు నా ఘనకార్యం. రెండో రోజు బాలోస్ తీరానికి కారులో బయల్దేరాను. చివరి ఎనిమిది కిలోమీటర్లు మట్టి రోడ్డు, ఒకవైపు కొండ, ఇంకోవైపు సముద్రం. “మెటల్ (కంకర) పరిచి వదిలేశారు, రోలర్ తిప్పలేదు,” అని నాన్న అంటూనే ఉన్నారు. ఆరో కిలోమీటర్లో టైరు పక్కభాగం రాయికి కోసుకుపోయింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు, గాలి కొట్టే కిట్టు ఒకటి ఉంది. అది చిన్న చిల్లుకి పనికొస్తుంది గానీ పక్క కోతకి పనికిరాదు. కారు ఇచ్చినవాళ్ళకి ఫోన్ చేస్తే, మట్టి రోడ్డు ఇన్సూరెన్సులో లేదని మెత్తగా చెప్పారు. నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది, చదవలేదంతే. మూడు గంటలు ఎండలో కూర్చున్నాం. మేకలొచ్చాయి. అమ్మ జంతికల డబ్బా మూత తీసిందో లేదో ఐదారు మేకలు తలుపు దగ్గర నిలబడ్డాయి. ఒకటి ముందుకాళ్ళు సీటు మీద పెట్టేసింది. టైరు, టోయింగ్ ఖర్చు మా జేబులోంచే పోయింది, ఒక రోజు మొత్తం దండగ.

కాబట్టి ఇన్సూరెన్స్ కాగితంలో టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం ఉన్నాయా అని విడిగా అడగండి. ‘ఫుల్’ అన్న మాటని నమ్మకండి. అన్నీ ఉన్నా మట్టి రోడ్డు మీద జరిగే నష్టం మాత్రం మామూలుగా అందులో ఉండదు. బాలోస్ చూడాలనుంటే కిస్సమోస్ రేవు నుంచి పడవ ఉంది, గ్రామ్‌వూసా కోట దగ్గర కూడా ఆపుతుంది. పైగా కారులో వెళ్తే పార్కింగ్ నుంచి తీరానికి చాలా దిగాలి, తిరిగి ఎక్కాలి. పెద్దవాళ్ళ మోకాళ్ళ సంగతి మీకు తెలుసు.

ఆ దెబ్బతో తూర్పు వైపు బుక్ చేసిన హోటళ్ళు రద్దు చేసి, పడమట్లోనే ఉండిపోయాం. ప్రయాణం బాగుపడింది అక్కణ్ణుంచే.

ఎలఫొనీసి తీరం మీ అమ్మానాన్నలకు కచ్చితంగా నచ్చుతుంది. హానియా నుంచి 75 కిలోమీటర్లు, గంటన్నర, అంతా తారు రోడ్డే. దారిలో టోపోలియా దగ్గర ఒక సొరంగం ఉంది, ఒకసారికి ఒకవైపు బళ్ళే పోతాయి, సిగ్నల్ కోసం ఆగాలి. తీరంలో ఇసుక అక్కడక్కడా గులాబీ రంగులో ఉంటుంది, పొడైపోయిన గవ్వల వల్ల. మోకాలి లోతు నీళ్ళలో నడిచి ఎదురుగా ఉన్న చిన్న దీవికి వెళ్ళిపోవచ్చు. అమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అటు దాకా వెళ్ళి వచ్చింది. తొమ్మిదిలోపు చేరండి, పదకొండు దాటితే టూరు బస్సులు దిగుతాయి. ఇసుక మాత్రం సీసాలో పోసుకోకండి, నిషేధం.

నాకు అన్నిటికంటే నచ్చింది నాలుగో రోజు దారి. హానియా నుంచి వ్రీసెస్ (అక్కడ ఆగి గడ్డ పెరుగు, తేనె తినండి, ఆ ఊరు దానికే పేరు), అక్కణ్ణుంచి కొండెక్కి ఇంబ్రోస్, ఆ తర్వాత ఒక్కసారిగా కొండ విరిగిపోయినట్టు కింద దక్షిణాన ఉన్న లిబియా సముద్రం. ఏడెనిమిది వందల మీటర్ల ఎత్తు నుంచి హోరా స్ఫకియోన్ రేవు దాకా మెలికలే మెలికలు. తిరుమల ఘాట్‌లో ఎక్కేదారి వేరు, దిగేదారి వేరు కదా, ఇక్కడ రెండూ ఒకటే, అదే దారిలో బస్సులూ వస్తాయి. రెండో గేరులో దిగండి. నాన్న మాత్రం దగ్గర దగ్గరగా ఉన్న మెలికలు చూసి, కట్టినవాడికి దణ్ణం పెట్టాలన్నారు. 1941 మేలో జర్మన్ పారాచూట్ దళాలు దీవిని పట్టుకున్నప్పుడు, ఓడిన బ్రిటిష్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు ఈ కొండ మీంచే దిగి ఆ రేవులో ఓడలెక్కారు. అప్పటికి రోడ్డు కొండ అంచు దాకానే ఉండేది, మిగతాది మేకల దారిన నడిచారు. అమ్మకి ఇవేమీ పట్టలేదు, కళ్ళు మూసుకుని నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంది. వాంతుల మాత్ర బయల్దేరడానికి అరగంట ముందే వేయించండి, కొండెక్కాక వేస్తే లాభం లేదు.

కిందికి దిగాక తూర్పుగా ఫ్రాంగోకాస్టెలో కోట, ప్లాకియాస్, అక్కణ్ణుంచి కొండ చీలికలోంచి స్పిలి ఊరికి. స్పిలిలో సింహం తలల నోళ్ళలోంచి చన్నీళ్ళు కారే ధార ఉంది, సీసాలు నింపుకున్నాం. రాత్రికి రెథిమ్నో. పెట్రోలు వ్రీసెస్‌లోనే నింపేయండి, కొండ ఊళ్ళలో బంకులు తక్కువ, ఆదివారం మూసి ఉండొచ్చు.

తిండికి టెన్షన్ పడకండి. ఒక్క మాట నేర్చుకోండి: ‘నిస్తీసిమో’. ఉపవాస భోజనం అని అర్థం, ఆర్థొడాక్స్ క్రైస్తవులు ఉపవాస రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. స్పిలి హోటల్లో శాకాహారం అంటే అయోమయంగా చూసిన ముసలామె ఈ మాట వినగానే వంటింట్లోకి పరిగెత్తింది. ఒక మెలిక ఉంది, ఆక్టోపస్, రొయ్యలు వాళ్ళ ఉపవాసానికి చెల్లుతాయి, అవి వద్దని విడిగా చెప్పాలి. ఆవిడే ‘వ్లీతా’ అని ఒక ప్లేటు తెచ్చింది, ఉడకబెట్టిన ఆకుకూర, పైన నిమ్మరసం, ఆలివ్ నూనె. అమ్మ ఒక కాడ తీసి వేళ్ళతో చిదిమి చూసి, “ఒరేయ్, ఇది తోటకూరరా,” అంది. నిజంగా తోటకూరే. బ్యాగులోంచి కందిపొడి తీసి దాంట్లో కలుపుకుంది. భోజనం చివర రాకీ అనే సారా ఉచితంగా తెచ్చి పెడతారు. నడిపేవాళ్ళు నవ్వుతూ పక్కకి నెట్టేయండి.

ఐదో రోజు రెథిమ్నో నుంచి హెరాక్లియన్ 80 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరి ముందు క్నోసోస్ అనే ప్రాచీన రాజభవనం శిథిలాలు, ఎండెక్కాక అక్కడ దొరికిన వస్తువులున్న మ్యూజియం. క్నోసోస్‌ని 1900లో ఆర్థర్ ఎవాన్స్ తవ్వించడం మొదలుపెట్టి, చాలా భాగాన్ని తర్వాత కాంక్రీటుతో మళ్ళీ కట్టించాడు. నాన్న ఎర్ర స్తంభాన్ని వేలితో తట్టి, “నాలుగు వేల ఏళ్ళ నాటిది కాదురా, ఇది ఆర్‌సీసీ,” అని తేల్చేశారు. అసలు సరుకంతా మ్యూజియంలోనే ఉంది, తొందరపడకుండా అక్కడ రెండు గంటలు ఇవ్వండి.

కారు హానియాలో తీసుకుని హెరాక్లియన్‌లో అప్పగించొచ్చు, దానికి విడిగా డబ్బు అడుగుతారు, అయినా వెనక్కి 140 కిలోమీటర్లు నడపడం కంటే అదే నయం. మీ ప్రశ్నలో స్పినలొంగా కోట దీవి పేరు కూడా రాశారు. అది తూర్పున ఉంది. దాని మీదే మనసుంటే, నేను చెప్పినదంతా పక్కన పెట్టి హెరాక్లియన్‌లో దిగి తూర్పు సగం మాత్రమే చూడండి. రెండూ ఒకే ప్లాన్‌లో ఇరికించొద్దు. నా ఎక్సెల్ షీట్ ఇంకా ఉంది, ఎలా వేయకూడదో చూడాలనుంటే పంపిస్తాను.