వైజాగ్‌లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగ్ ఎక్కడ దొరుకుతుంది?

అమ్మా, మీ ఆయన మందు మానేస్తానంటున్నారు, గాజువాక దగ్గర్లో ఏఏ మీటింగ్, అంటే మందు మానాలనుకునేవాళ్లు కలిసి ఒకరికొకరు తోడుండే మీటింగ్, ఎక్కడో తెలియట్లేదన్నారు కదా. ముందు 14446కి ఫోన్ చేయండి. మత్తు అలవాటు మానడానికి సాయం చేసే కేంద్ర ప్రభుత్వ టోల్‌ఫ్రీ నంబరు, దారి చెబుతారు. మీటింగ్ దొరికాక వేళ ఎప్పుడో, తెలుగులోనేనా అన్నది కనుక్కునే బయల్దేరండి. ఫీజు లేదు, ఇంటిపేరు అడగరు, మానాలన్న కోరిక ఉంటే చాలు. మొదటిరోజు ఆయన నోరు విప్పకుండా వెనక కుర్చీలో కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. ఓపెన్ మీటింగ్ (తాగుడు సమస్య లేనివాళ్లనూ రానిచ్చేది) అయితే మీరూ వెళ్లొచ్చు.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెబుతున్నా. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించొచ్చు, ప్రాణం మీదికి కూడా వస్తుంది. ముందు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో చూపించి, డాక్టరుగారు చెప్పినట్టే మాన్పించండి.