గైడు పక్కన పెట్టి, పెన్సిలు పట్టుకోండి

ప్రశ్న: సార్, నేను కడపలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంగ్లీషులో అమెరికన్ రచయిత హెమింగ్వే నవల 'ది ఓల్డ్ మ్యాన్ అండ్ ద సీ' ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియం. గైడులో సారాంశం రెండుసార్లు చదివాను, కథ మొత్తం తెలుసు. కానీ క్లాసులో మేడమ్ "నీకేమనిపించింది?" అంటే నోరు పెగలదు. పరీక్షలో ఎస్సే సగం పేజీకే ఆగిపోతుంది. టెన్షన్‌గా ఉంది.
- ఒక విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: గైడు కథ చెబుతుందమ్మా, నీకేమనిపించిందో అదెట్లా చెబుతుంది? నూరు పేజీలకు అటూ ఇటూ ఉండే పుస్తకం అది; ఒంటరిగా సముద్రం మీద దూరం వెళ్లి పెద్ద చేపను పట్టిన ఓ ముసలి జాలరి, దారిలో సొరచేపలు దాన్ని తినేస్తే అస్థిపంజరంతో ఒడ్డుకు రావడమే కథ. 1952లో అమెరికాలోని లైఫ్ పత్రిక మొత్తం ఒకే సంచికలో వేసింది. మూడు సాయంత్రాలు కేటాయించు. ఇంట్లో కుదరకపోతే ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, అక్కడ కూర్చో. మొదటిసారి డిక్షనరీ ముట్టుకోవద్దు, చేపల పేర్లు, పడవ సామాన్ల పేర్లు తెలియకపోతే దాటెయ్. పుస్తకంలో అధ్యాయాలు లేవు కాబట్టి ఊళ్లో తన దగ్గర చేపల వేట నేర్చుకున్న కుర్రాడితో ఉన్నది, చేప పడేదాకా, చేపతో పోరు, సొరచేపలు, ఇంటికి రావడం అని పెన్సిలుతో నువ్వే గీతలు పెట్టుకో.

రెండోసారి చదివేటప్పుడు ఒక్క విషయం పట్టుకుని దాని వెంటే పో. సముద్రం మీద ముసలాయన "కుర్రాడుంటే బాగుండేది" అని మళ్లీ మళ్లీ అనుకుంటాడు. అన్నచోటల్లా గుర్తు పెట్టి, అప్పుడేం జరుగుతోందో మార్జిన్‌లో తెలుగులోనే రాసుకో. ఒకచోట "నాకు సాయానికి, ఇది చూడడానికి" అంటాడు. అక్కడ ఆగు. ఆయనకు కావలసింది సాయమా, సాక్షా? ఈ ప్రశ్న, పేజీ నంబరు చీటీ మీద రాసుకుని క్లాసుకు వెళ్లు. ముందు స్నేహితురాలితో తెలుగులో వాదించి చూడు, ఆ తర్వాత ఇంగ్లీషులో నాలుగు చిన్న వాక్యాలు చాలు, వ్యాకరణం తప్పు పోయినా ఫరవాలేదు.

ఎస్సే సంగతికొస్తే, ఆయన గెలిచాడా ఓడాడా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. మనిషిని నాశనం చేయవచ్చు గానీ ఓడించలేరు అన్న వాక్యం గైడులో ఉంటుంది, క్లాసు క్లాసంతా అదే రాస్తారు. నువ్వూ రాయి, కానీ దాని పక్కనే ఎదురు సాక్ష్యం కూడా పెట్టు: ఒడ్డుకొచ్చాక కుర్రాడితో ఆయనే 'నన్ను ఓడించాయి' అంటాడు, అంతకుముందు మరీ దూరం వెళ్లినందుకు చేపకు క్షమాపణ చెప్పుకుంటాడు. ఈ రెండూ ఎట్లా పొసుగుతాయో నువ్వు తేల్చే చోటే ఎస్సే మొదలవుతుంది, అర పేజీ కాస్తా మూడు పేజీలవుతుంది. మన రాయలసీమ పిల్లలకు ఇది కొత్తగా చెప్పాల్సిన పని లేదు, బోర్లు వరసగా ఎండిపోయినా ఇంకోదానికి అప్పు తెచ్చి, ఇంకా లోతుకు దింపే రైతులను చూస్తూ పెరిగాం, "మరీ దూరం వెళ్లాను" అన్న మాట మనకు తగిలినట్టు ఎంతమందికి తగులుతుంది! క్లాసులో ఆ మాట ధైర్యంగా చెప్పు. పరీక్షలో మాత్రం ఒక్క వాక్యంలో ముగించి పుస్తకంలోకి తిరిగి వచ్చెయ్, మార్కులు అక్కడే ఉన్నాయి.

పరీక్షకు వారం ముందు నుంచి పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాయి. చేప పడని 84 రోజులు, అందులో కుర్రాడు తోడున్న మొదటి 40, పిండి సంచులతో అతుకులేసిన తెరచాప, 18 అడుగుల చేప, ఆయుధాలు పోయిన వరస (ఈటె, కత్తి, దుడ్డు, చుక్కాని కర్ర). ఏది మర్చిపోయావో అదొక్కటే మళ్లీ చూసుకో.

ఇంకొకటి. చివర్లో ఒక టూరిస్టు ఆ పెద్ద చేప అస్థిపంజరం చూసి, అది సొరచేపది అనుకుంటుంది. కథ దాదాపు అయిపోయాక రచయిత ఆమెను ఎందుకు తెచ్చాడు? నాలుగు వాక్యాలు రాసి పంపు, తప్పకుండా చదువుతాను.